బ్రేక్ కొట్టడానికి ఎర్ర పట్టీ కర్ర

మా ఆయన చెయ్యి ఎర్ర పట్టీ ఉన్న కర్ర మీదుగా దాటిపోయి, పక్కనున్న ఆకుపచ్చ పట్టీ కర్రను పట్టుకున్నప్పుడు నాకు మొదటిసారి భయం వేసింది.

నేను అప్పుడు కౌంటర్ వెనక కూర్చుని ఒక కర్ర కొసకు ఆకురాయి పెడుతున్నాను. సాయంత్రం వేళ. పూల్ బల్ల మీద బంతులన్నీ త్రికోణంగా పేర్చి ఉన్నాయి. బ్రేక్ కొట్టే వంతు ఆయనది. బంతుల గుంపును చెదరగొట్టే ఆ మొదటి దెబ్బకు మా గదిలో ఎర్ర పట్టీ కర్ర తప్ప ఇంకోటి ఎవరూ ముట్టరు. ఆయన ఆకుపచ్చదాన్ని తీసుకుని, వంగి, గురి చూసి గట్టిగా కొట్టారు. చప్పుడు మెత్తగా వచ్చింది. బంతులు చెదరలేదు. గుంపు కాస్త జరిగి, కలిపిన అన్నం ముద్దలా అక్కడే ఉండిపోయింది.

ఎదుట ఆడుతున్నది అప్పలసామి. వర్క్‌షాపులో ఫిట్టరు. మా ఆయన్ని బావా అనీ నన్ను అప్పా, అంటే అక్కా, అనీ పిలుస్తాడు. వాడు పగలబడి నవ్వాడు.

"ఇదేటి బావా! ఎర్రది సూసి కూడా ఆగనేదు. సిగ్నలు కొట్టీసినావు!"

గదంతా నవ్వింది. మా ఆయన గూడ్సు బండి డ్రైవరు. రైల్వే ఊళ్ళో డ్రైవరును ఏడిపించడానికి అంతకంటే మంచి మాట దొరకదు. ఆయన కూడా నవ్వారు.

"లైటు సరింగా నేదురా. ఆ బల్బు మార్సమని సెప్పు మీ అప్పకి."

ఆ బల్బు నేను ఆ ఉదయమే మార్పించాను.

ఈ గది నాకు ఎలా వచ్చింది

ఈ ఇన్‌స్టిట్యూట్‌లో అంటే రైల్వేవాళ్ళ క్లబ్బులో, నాది చిన్న ఉద్యోగం. మధ్యాహ్నం దాకా లైబ్రరీ, ఆ తరవాత బిలియర్డ్స్ గది. మా నాన్న ఇక్కడ మార్కరుగా పనిచేశారు. అంటే ఆటలో పాయింట్లు చెప్పడం, బల్ల గుడ్డ దువ్వడం, కర్రలు చూసుకోవడం. నేను విశాఖపట్నంలో మేనత్త ఇంట్లో ఉండి బి.ఏ. పూర్తి చేసి వచ్చేసరికి ఆయన మంచం పట్టారు. ఆయన పోయాక కమిటీవాళ్ళు నన్ను లైబ్రరీకి తీసుకున్నారు. కర్రల పని తెలిసినవాళ్ళు వేరే ఎవరూ లేక ఈ గది కూడా నా మీద పడింది. ఆడపిల్ల బిలియర్డ్స్ గదిలో ఏమిటని మొదట్లో చర్చిలో కూడా గుసగుసలాడారు. కర్ర కొసన టిప్పు ఊడిన ప్రతివాడూ నా దగ్గరికే రావలసి రావడంతో అవి ఆగిపోయాయి.

ఇప్పుడు నేను వదిలి వెళ్ళిపోతున్నాను. తాళాలు తీసుకోబోయే అమ్మాయికి పని చూపించమన్నారు. పగలు చూపించగలిగింది చూపించాను. మిగిలింది పిల్లలు పడుకున్నాక ఇలా రాస్తున్నాను. ముప్పై రెండేళ్ళ వయసులో వృత్తి అనుభవాలు రాయడం నాకే వింతగా ఉంది. కానీ నా వృత్తి అయిపోయింది.

బ్రేక్ కర్రను ఎలా చూడాలి

పెద్ద బల్ల దొరల కాలంనాటిది. పూల్ ఆడే చిన్న బల్ల, రెండో ప్రపంచయుద్ధం ముగిశాక అమెరికా సోల్జర్లు వదిలేసి వెళ్ళినది. దానితోపాటు వచ్చిన కర్రల్లో మంచివి ఎంచి నాన్న మూడు రకాలుగా విడదీశారు. లోకో షెడ్డులో పనిచేసే స్నేహితుణ్ణి అడిగి రంగు తెచ్చుకుని కర్రల మొదళ్ళ దగ్గర పట్టీలు వేశారు. ఎర్ర పట్టీ బ్రేక్‌కి. ఆకుపచ్చ పట్టీ ఆటకి. తెల్ల పట్టీ ఉంటే అది మరమ్మతులో ఉంది, ముట్టకూడదు. ఎర్ర కర్రతో ఒక్క దెబ్బ కొట్టి వెంటనే స్టాండులో పెట్టేయాలి. దాని టిప్పు, అంటే కొసన అంటించే తోలు బిళ్ళ, రాయిలా ఉంటుంది. ఆట కర్రల టిప్పు మెత్తన. మెత్తటి టిప్పుతో నాలుగు బ్రేకులు కొడితే అది దెబ్బలు తిన్న మేకు తలలా పరుచుకుపోతుంది, ఆ తరవాత ఆటకు పనికిరాదు.

గట్టి టిప్పు బయట దొరకదు. నాన్న గోల్‌బజార్‌లో చెప్పులు కుట్టేవాళ్ళ దగ్గర మడమ తోలు ముక్కలు తెచ్చి, నానబెట్టి, రెండు చెక్కల మధ్య బిగించి, ఆరాక సుత్తితో కొట్టి తయారుచేసేవారు. నేనూ అలాగే చేస్తున్నాను. వానాకాలంలో అంటించకండి. జిగురు పైకి ఆరినట్టే ఉంటుంది, లోపల పచ్చిగా ఉంటుంది.

కర్రను ఎంచేటప్పుడు ముందు బల్ల మీద దొర్లించండి. కొస ఎగిరెగిరి పడితే అది వంగిన కర్ర. తరవాత మొదలును నేలకు మెల్లగా తాటించి వినండి. లోపల చీలిక ఉంటే చప్పుడు పగిలిన కుండలా వస్తుంది. ఆఖరున వేలి మీద నిలబెట్టి బరువు ఎటు ఉందో చూడండి. బ్రేక్ కర్రకు బరువు వెనక ఉండాలి, ముందు భాగం లావుగా, బిర్రుగా ఉండాలి. సన్నటి కర్ర అంత దెబ్బకు పాములా వణుకుతుంది.

ఈ పరీక్షల్లో ఏదీ చేయడానికి కళ్ళు అక్కర్లేదని మీరు గమనించే ఉంటారు. నాన్న నాకు కళ్ళు మూయించే నేర్పారు. పెళ్ళైన కొత్తలో మా ఆయనకు నేనూ అలాగే నేర్పాను. ఆయన కళ్ళు మూసుకుని కర్రలు తడుముతుంటే, నేను వెనకనుంచి కర్రలు తారుమారు చేస్తుంటే, ఇద్దరం నవ్వుకున్నాం. అప్పుడు అది ఆట.

సెక్రటరీ బాబు సీసం

బరువు గురించి ఒక మాట. బ్రేక్‌కి ఎంత బరువు కర్ర అయితే అంత మంచిదని మగవాళ్ళందరి నమ్మకం. మా పాత సెక్రటరీ బాబు నమ్మకం మరీ గట్టిది. ఆయన మంచి మనిషే. చెప్పింది వినే మనిషి మాత్రం కాదు.

ఒకరోజు ఎర్ర కర్ర తెచ్చి నా ముందు పెట్టి, "దీదీ, ఇందులో దమ్ లేదు. మొదట్లో తొలిచి సీసం పోయిద్దాం," అన్నారు.

"చెయ్యి వేగంగా కదిలితేనే బంతులు చెదురుతాయండీ బాబూ. బరువు మించితే చెయ్యి ఆగిపోతుంది," అన్నాను.

"నువ్వు పుస్తకాలు చూసుకో దీదీ," అని వర్క్‌షాపుకు పంపి సీసం పోయించారు.

కమిటీ వాళ్ళ ముందు ఆయనే మొదటి బ్రేక్ కొట్టారు. కర్ర ఎత్తడానికి ఆయాసపడి, దించేటప్పుడు అదుపు తప్పి, కొస తెల్ల బంతి అడుగున తగిలింది. బంతి గాలిలోకి లేచి గోడ మీద పాత కమిటీ ఫొటోకు తగిలింది. అద్దం పగిలింది. ఫొటోలో సరిగ్గా ఆయన మొహం మీద.

అప్పలసామి నా వెనకనుంచి, "బాబు తనకి తానే ఫౌలు ఇచ్చీసుకున్నాడప్పా," అన్నాడు. నవ్వు ఆపుకోలేక నేను లైబ్రరీలోకి పారిపోయాను.

ఇది ఎందుకు రాశానంటే, మీ పైవాళ్ళు కూడా మీ మాట వినరు. వాళ్ళు చెప్పినట్టు చేయండి, మీ దగ్గర రెండో కర్ర సిద్ధంగా పెట్టుకోండి. నేను పెట్టుకున్నాను. ఇప్పుడు మీరు చూస్తున్న ఎర్ర కర్ర అదే. దానితో బ్రేక్ అందరికంటే బాగా కొట్టింది మెయిల్ బండి గార్డు గారి భార్య నోరా మేడమ్. సన్నటి మనిషి. మోచెయ్యి ఒంటికి ఆనించి, ఊపిరి వదులుతూ కొట్టేది. ఆ కుటుంబం ఆస్ట్రేలియా వెళ్ళిపోయాక అలాంటి చప్పుడు వినలేదు. ఒక్కసారి విన్నాను, అది చివర్లో చెబుతాను.

పట్టీలు మార్చిన రోజు

మొదట్లో రాసిన సాయంత్రానికి మళ్ళీ వస్తాను. ఆ రోజు స్టాండుకు వార్నిష్ వేయించాను. కర్రలు తీసి మళ్ళీ పెట్టేటప్పుడు వరస మారింది. ఎర్ర కర్ర ఎప్పుడూ ఎడమ చివర ఉండేది. ఆ రోజు మధ్యలో ఉంది. ఆయన చెయ్యి అలవాటుగా ఎడమ చివరికే వెళ్ళింది, అక్కడ తెల్ల పట్టీ కర్ర ఉంది. టిప్పు లేదని వేలికి తెలిసి వదిలేసింది. పక్కకు జరిగింది, ఎర్రదాన్ని దాటింది, తరవాతిదాన్ని పట్టుకుంది.

ఇంటికి వెళ్ళాక నాకు ఒకటొకటిగా గుర్తొచ్చాయి. ఏడాదిగా ఆయన పెద్ద బల్ల మీద స్నూకర్ ఆడడం లేదు. స్నూకర్‌లో బంతులకు రంగులే గుర్తు. పూల్ బంతుల మీద అంకెలు ఉంటాయి. రాత్రి డ్యూటీలు వస్తే వీలైనన్ని ఎవరితోనో మార్చుకుంటున్నారు. పగటిపూట స్తంభం మీది సిగ్నల్ చెయ్యి పైకుందో కిందికుందో చూస్తే చాలు. రాత్రి దీపం రంగు తప్ప వేరే గుర్తు ఉండదు. పండుగకు మా అమ్మాయి రూతుకు ఎర్ర రిబ్బన్ తెమ్మంటే గోల్‌బజార్ నుంచి గోధుమరంగుది తెచ్చి, "ఎర్రది అయిపోనాదంట," అన్నారు.

అయినా నమ్మబుద్ధి కాలేదు. ఒక సాయంత్రం ఆయన వచ్చే ముందు నేను ఎర్ర కర్ర పట్టీ మీద ఆకుపచ్చ గుడ్డ పట్టీ చుట్టాను. ఒక తేలికైన ఆట కర్రకు ఎర్ర గుడ్డ పట్టీ చుట్టాను. వరస కూడా మార్చాను. కళ్ళున్న ఎవరైనా ఎర్రదాన్ని తీసి, చేతికి తేలిగ్గా తగిలి, ఇదేమిటని అడుగుతారు. అప్పలసామి ముందు వచ్చాడు. అలాగే అడిగాడు.

"అప్పా, ఎర్ర కర్ర సిక్కిపోనాదేటి? తిండి పెట్టట్లేదేటి దీనికి?"

"ఊరుకోరా. అక్కడే పెట్టు," అన్నాను.

తరవాత ఆయన వచ్చారు. స్టాండు ముందు నిలబడి ఒక్కో కర్రా కొద్దిగా ఎత్తి దించారు. మూడోదాన్ని వేలి మీద నిలబెట్టి చూశారు. నేను నేర్పినట్టే, తప్పు లేకుండా బరువైన కర్రను పట్టుకున్నారు. దానికి ఆకుపచ్చ పట్టీ ఉంది.

నా వైపు తిప్పి చూపించి, "ఇదిగో, మీ నాన్న ఎర్ర పట్టీ. వార్నిషు పేరు సెప్పి ఎక్కడెక్కడో పెట్టీసినావు. నాకు దొరకదనుకున్నావేటి?" అని నవ్వారు.

ఆ నవ్వు చూస్తూ నేనూ నవ్వాను. ఆ గదిలో అప్పలసామి కూడా ఉన్నాడు. వాడు పట్టీ వైపు చూశాడు, ఆయన మొహం చూశాడు, నా మొహం చూశాడు. ఆ రోజు వాడు జోకులు వేయలేదు.

ఎక్కం

ఇంట్లో అడిగాను. ఆయన చాలాసేపు బూట్లు తుడుచుకున్నారు.

"సూపు బాగానే ఉన్నాది. దూరం కనబడతాది. రంగే... ఎండలో ఆరేసిన గుడ్డలాగ ఎలిసిపోతన్నాది," అన్నారు.

"మరి రాత్రి బండి ఎలా నడుపుతున్నారండీ?"

"ఫైర్‌మన్ ఉన్నాడు కదా."

ఇంజనులో డ్రైవరూ, బొగ్గు వేసే ఫైర్‌మనూ సిగ్నల్‌ను ఒకరికొకరు అరిచి చెప్పుకోవాలి. ఇద్దరి మాటా కలిస్తేనే బండి ముందుకు. మా ఆయన ఫైర్‌మన్ గొంతు పెద్దది, తొందరెక్కువ. డ్రైవరు కంటే ముందే "గ్రీన్!" అని అరిచేవాడు. ఈయన వెంటనే "గ్రీన్!" అనేవారు. ఇద్దరు చూసి చెప్పవలసినదాన్ని ఇన్నాళ్ళూ ఒక్కడు చూశాడు. ఇంకొకరు తిరిగి అన్నారు. ఆ ఫైర్‌మన్‌కు యార్డు ఇంజను నడిపే షంటరుగా ప్రమోషన్ వచ్చింది. కొత్తగా వచ్చినవాడు మితభాషి. పెద్దవాడు ముందు చెబితే తరవాత తను చెబుదామని ఆగే మర్యాదస్తుడు.

"డాక్టరుకు చెప్పండి," అన్నాను.

"సెప్తే ఏటౌతాది నీకు తెల్దా? ఇంజను ఎక్కనివ్వరు. ఏ స్టోర్సులోనో మూల కూకోబెడతారు. మా అయ్య బొగ్గు తోసి తోసి సచ్చిపోనాడు గాని డ్రైవరు అవనేదు. నాను అయినాను. దాన్ని నానే సెయ్యారా దించుకోవాలేటి?"

"ఎదురుగా వచ్చే బండిలో కూడా ఎవరి పిల్లలో ఉంటారు కదండీ."

ఆ మాట ఆయన తనలో తాను ఎన్నోసార్లు అనుకున్నదేనని మొహం చూస్తే తెలిసింది. అదే నన్ను మరీ కుంగదీసింది. తెలియక చేసేవాణ్ణి ఆపవచ్చు.

డ్రైవర్లకు పెట్టే కంటి పరీక్ష దగ్గర పడింది. రంగు చుక్కల మధ్య అంకెలు దాచిన పుస్తకం ఒకటి ఉంటుంది. పేజీ తిప్పి, ఇదేమిటని అడుగుతారు. రంగు తెలిసినవాడికి అంకె కనిపిస్తుంది, తెలియనివాడికి చుక్కలే. డ్యూటీల మధ్య పడుకునే రన్నింగ్ రూములో పాత డ్రైవర్లకు ఆ అంకెల వరస నోటికి వచ్చు. ఒకరికొకరు చెప్పుకుంటారు. దాన్ని మోసం అనుకోరు, తోటివాడి పొట్ట నిలబెట్టడం అనుకుంటారు. ఈ ఊళ్ళో అందరం చేసే తప్పు అదే. మనవాడు బాగుండాలని చూస్తాం, మనవాడి వెనక ఎన్ని పెట్టెలు వస్తున్నాయో చూడం.

ఒక సాయంత్రం నేను వంటింట్లో ఉండగా వసారాలోంచి మా రూతు గొంతు వినిపించింది. ఎక్కం అప్పజెబుతున్నట్టు రాగం తీస్తోంది.

"పన్నెండు, ఎనిమిది, ఆరు, ఇరవైతొమ్మిది..."

"ఇరవైతొమ్మిది తరవాత?" అని వాళ్ళ నాన్న.

"యాభైయేడు! మళ్ళా మర్సిపోనావు నాన్నా. నువ్వు మా టీచరు దగ్గరైతే గోడకుర్సీ ఎయ్యాల."

ఆయన నవ్వుతూ గోడకుర్చీ వేశారు. చిన్నవాడు శామ్యూల్ చప్పట్లు కొట్టాడు. నేను గరిటె పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను. వాళ్ళు ముగ్గురూ అంత సంతోషంగా ఉండడం ఆ ఏడాదంతటిలో నేను చూడలేదు. వాళ్ళ మధ్యకు వెళ్ళలేకపోయాను.

పుస్తకం ఏ వైపు నుంచి

రైల్వే ఆసుపత్రి కళ్ళ డాక్టరు బాబు వారానికోసారి మా గదికి వచ్చి పూల్ ఆడేవారు. మెల్లగా మాట్లాడే బెంగాలీ ఆయన. ఆట పెద్దగా రాదు. బ్రేక్ కర్ర మాత్రం నా చేతినుంచే తీసుకునేవారు.

పరీక్షకు ముందు వచ్చినప్పుడు గదిలో ఇంకెవరూ లేరు. ఎర్ర కర్ర టిప్పును గోటితో నొక్కి చూసి ఆయన చేతికిచ్చాను. ఆయన వంగబోతుండగా అన్నాను:

"డాక్టర్ బాబూ, మా ఆయన వచ్చినప్పుడు రంగుల పుస్తకం వెనకనుంచి తిప్పండి."

ఆయన నిటారుగా నిలబడ్డారు. కర్ర కొసకు చాక్ రాస్తూ ఉండిపోయారు. అవసరమైనదానికంటే ఎక్కువగా రాశారు. నీలం పొడి ఆయన తెల్ల చొక్కా మీద రాలింది.

"సోచ్ లియా, దీదీ?"

ఆలోచించుకున్నావా అని అడిగారు. ఆలోచించుకున్నానన్నాను. ఆయన బ్రేక్ కొట్టకుండానే కర్ర నాకు తిరిగి ఇచ్చేసి వెళ్ళిపోయారు.

ఆ తరవాతి రాత్రుల్లో బండి కూత విన్నప్పుడల్లా లేచి కూర్చున్నాను. మళ్ళీ వెళ్ళి, ఆ మాట మరచిపోండి అని చెబుదామా అని కూడా అనుకున్నాను. చెప్పలేదు.

చివరి బ్రేక్

పరీక్ష రోజు సాయంత్రం ఆయన ఆసుపత్రి నుంచి ఇంటికి రాలేదు. నేరుగా ఇన్‌స్టిట్యూట్‌కు వచ్చారు. డ్రైవరు టోపీ చేతిలో ఉంది. అప్పలసామీ ఇంకో ఇద్దరూ ఆట మొదలుపెట్టడానికి బంతులు పేరుస్తున్నారు. పట్టీలు నేను ఎప్పుడో సరిచేశాను. కర్రలు పాత వరసలోనే ఉన్నాయి. చెయ్యి చాచితే ఎడమ చివర ఎర్రది ఉంది.

ఆయన చెయ్యి చాచలేదు. స్టాండు ముందు నిలబడ్డారు.

"సుగుణా," అన్నారు. ఆ గదిలో ఆయన నన్ను పేరు పెట్టి పిలవడం అదే మొదలు. "ఇందులో ఎర్రది ఏదో సెప్పు."

"ఎడమ చివరదండీ."

"నాను పక్క అడగనేదు. రంగు అడిగినాను. ఈ ఇంట్లో రంగులు సూసేదానివి నువ్వే కదా."

బంతులు పేర్చే చేతులు ఆగిపోయాయి. నేను లేచి వెళ్ళి, ఎర్ర కర్ర తీసి ఆయనకిచ్చాను. మా వేళ్ళు తగలకుండా కర్రను కిందుగా పట్టుకుని తీసుకున్నారు.

వంగారు. మోచెయ్యి ఒంటికి ఆనింది. ఊపిరి వదిలారు. నోరా మేడమ్ వెళ్ళిపోయాక నేను వినని చప్పుడు ఆ గదిలో మళ్ళీ మోగింది. గుంపు విచ్చుకుపోయింది. నాలుగు మూలలకూ బంతులు పరుగెత్తాయి, మూడు పాకెట్లలో పడ్డాయి. అంత మంచి బ్రేక్ ఆయన ఎన్నడూ కొట్టలేదు.

ఏవి పడ్డాయో ఆయన చూడలేదు. కర్రను బల్ల మీదే అడ్డంగా పడేసి, గుమ్మం వైపు నడిచారు.

"బావా, ఆట నీదే. మళ్ళా నువ్వే కొట్టాల," అన్నాడు అప్పలసామి.

"అయిపోనాదిరా," అన్నారు ఆయన.

కర్రను వాడే తీసి స్టాండులో పెట్టాడు. పెట్టి, "అప్పా, ఆ పొద్దు సిగ్నలు కొట్టీసినావని నాను నవ్వకపోనా బాగున్ను," అన్నాడు. వాడి మాట వల్ల కాదని చెప్పాను. వాడు నమ్మాడో లేదో తెలియదు.

పరీక్షలో తప్పారని ఆయన కేటగిరీ తగ్గించారు. ఇంజను లేదు. ఆయన తాగే పొగాకు వల్ల కావచ్చు, కాకపోవచ్చు, పోయిన రంగు తిరిగి రావడం కష్టమని డాక్టరు బాబు అన్నారు. దూరంగా ఒక చిన్న స్టేషన్లో స్టోర్సు పని ఇచ్చారు. ఈ క్వార్టరు ఖాళీ చేయాలి, ఈ గది వదలాలి. ఆయన నాతో మాట్లాడరు. నేను వడ్డిస్తే తింటారు, అంతే. నేను చేసింది తప్పని అనుకోవడం లేదు. సరైన పని చేస్తే మనసుకు నెమ్మది కలుగుతుందని చర్చిలో విన్నాను. నాకు ఏ నెమ్మదీ కలగలేదు. దూరాన బండి పోతుంటే ఆయన పక్క మీద కదలకుండా, కళ్ళు తెరిచి పడుకుని ఉంటారు. ఏ బండో, ఏ ఇంజనో చప్పుడును బట్టి ఆయనకు తెలుసు.

మీకు చెప్పవలసింది ఒకటే మిగిలింది. స్టాండు వరస మార్చకండి. ఎర్రది ఎడమ చివర, తరవాత ఆకుపచ్చవి, తెల్లవి కుడి చివర. పట్టీలు కనిపించనివాళ్ళు ఇంకా ఎవరైనా ఉండవచ్చు. ఒకవేళ ఎవరి చెయ్యైనా ఎర్రదాన్ని దాటిపోతే నవ్వకండి, అతని ఉద్యోగం ఏమిటో కనుక్కోండి.

ఆ చివరి బ్రేక్ కొట్టిన మర్నాడు ఉదయం ఆయన వసారాలో మాకు వీపు పెట్టి కూర్చున్నారు. జడ వేయించుకుంటూ రూతు అడిగింది.

"అమ్మా, నాన్న పాసైపోనాడా? అన్నీ నానే కదా సెప్పించినాను."

"లేదమ్మా. నువ్వు చెప్పించినదాంట్లో తప్పేమీ లేదు. డాక్టరు పుస్తకం వెనకనుంచి తిప్పారు."

"ఎందుకలాగ?"

"నేనే తిప్పమన్నాను."

అది గిరుక్కున నా వైపు తిరిగింది. జడ సగంలో ఆపి, శామ్యూల్‌ని కూడా దగ్గరికి పిలిచి, ఇద్దరికీ చెప్పాను:

"ఇకనుంచి నాన్నను ఏదైనా తెమ్మన్నప్పుడు రంగు చెప్పకండి. ఎర్ర గౌను అనకండి, మేకుకు తగిలించిన గౌను అనండి. పచ్చ డబ్బా అనకండి, గూట్లో కుడివైపు డబ్బా అనండి. ఎక్కడుందో చెప్పండి చాలు, నాన్న తెస్తారు."